నాన్న జోకులకు నవ్వాలా, వద్దా?

ప్రశ్న:

నమస్కారమండీ. మాది తెనాలి. నాన్నకు 67 ఏళ్లు. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. రాత్రిళ్లు మూత్రానికి ఊరికే లేస్తున్నారని ఈ ఏడాది మొదట్లో పరీక్షలు చేయిస్తే, ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే రక్తపరీక్ష పీఎస్ఏ 38 వచ్చింది. బయాప్సీలో ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది. క్యాన్సర్ ఎంత దూకుడుగా ఉందో చెప్పే గ్లీసన్ స్కోరు 8 అన్నారు. ఎముకలకు పాకలేదని స్కాన్ చూసి చెప్పారు. మూడు నెలలకోసారి హార్మోన్ ఇంజెక్షన్ వేస్తున్నారు. ఇప్పుడు విజయవాడలో 20 రోజుల రేడియేషన్ నడుస్తోంది. నేను ఆఫీసు పని ఇంటి నుంచి చేసుకునేలా అడిగి వచ్చి, రోజూ తోడు వెళుతున్నాను.

నా బాధల్లా నాన్న జోకుల గురించే. పీఎస్ఏ రిపోర్టు చూసి "పాస్ మార్కు 35, నాకు 38 వచ్చాయి, గట్టెక్కాను" అన్నారు. ఇంజెక్షన్ తర్వాత ఒకటికి దిగితే "సున్నాకి దగ్గరపడ్డానని స్వీట్లు పంచే మొదటి లెక్కల మాస్టారుని నేనే" అన్నారు. అమ్మ వింటూ వింటూ వంటింట్లోకి వెళ్లి ఏడుస్తుంది. మా మేనత్త "ఇంత జబ్బు పెట్టుకుని ఇకిలింపులేంట్రా" అని మొహం మీదే అంది. అసలు ఆవిడకు తప్ప చుట్టాల్లో ఎవరికీ నిజం చెప్పలేదు. కిడ్నీలో రాయి అని చెప్పాం.

మొన్న రాత్రి రెండింటికి చప్పుడైతే లేచి చూశాను. నాన్న తడిసిన లుంగీ తనే ఉతుక్కుంటున్నారు. నన్ను చూసి "లాకులు ఎత్తేశారమ్మా, కాలువకి నీళ్లొదిలారు" అన్నారు. నవ్వాను. తర్వాత నా గదిలోకెళ్లి ఏడ్చాను. మర్నాడు డాక్టరుగారు ఎలా ఉందని అడిగితే "ఫస్ట్ క్లాస్ అండీ" అన్నారు. నవ్వడం తప్పా? ఆయన్ని ఆపాలా? మీరు మా అమ్మ వయసువారు, కూతురికి చెప్పినట్టు చెప్పండి.

— ఒక కూతురు

సమాధానం:

అమ్మా,

నవ్వొస్తే నవ్వు. దాచుకోకు. మీ నాన్నగారి జోకులు ఆపాల్సిన చోటు నాకు ఒక్కటే కనిపిస్తోంది, అది డాక్టరు గది. దాని సంగతి తర్వాత రాస్తాను. ముందు ఆ రాత్రి ఆయన నీతో అన్న మాట దగ్గర కాసేపు ఆగుదాం.

గుండెకు స్టెంటు వేస్తే మన మగవాళ్లు ఎన్ని వేశారో, ఎంతైందో అరుగు మీద కూర్చుని చెప్పుకుంటారు. ప్రోస్టేట్ అలా చెప్పుకునే చోట లేదు. మూత్రాశయం కింద, మూత్రనాళాన్ని చుట్టుకుని ఉండే చిన్న గ్రంథి అది. దానికి వైద్యం మొదలైతే మూత్రం, విరేచనం, మగతనం, అన్నీ తెలియనివాళ్ల ముందు మాట్లాడాల్సిన విషయాలైపోతాయి. ఏళ్ల తరబడి చాక్‌పీసు పట్టుకుని క్లాసు ముందు నిలబడిన మనిషి, అర్ధరాత్రి తడిసిన లుంగీతో కూతురికి కనబడ్డాడు. "నాకు ఆపుకోవడం రావట్లేదు తల్లీ, సిగ్గేస్తోంది" అని ఏ నోటితో అంటాడు? ఆ సంగతే లాకుల మాటతో చెప్పాడు. దుగ్గిరాల లాకుల పక్కన బతికే మీకు అది అర్థమవుతుందనీ తెలుసు. నువ్వు నవ్వావు, అంటే విన్నావు. ఆ రాత్రికి ఆయనకు కావలసింది అదే. తర్వాత గదిలోకి వెళ్లి ఏడ్చావు చూడు, అందులోనూ తప్పేం లేదు.

రేడియేషన్ నీకు రోజూ కనబడుతున్నదే అయినా, అదెందుకంత తతంగమో చెబుతాను. మూత్రాశయం నిండుగా ఉంటే అది పేగుల్ని పైకి నెట్టేసి కిరణాల దారికి తప్పిస్తుంది. దాని పైగోడ కూడా దూరం జరుగుతుంది. వెనకవైపు పురీషనాళం ఖాళీగా ఉంటే ప్రోస్టేట్ రోజూ ఒకేచోట నిలుస్తుంది. అందుకే ముందు విరేచనం అయి రమ్మంటారు, తర్వాత లెక్కగా నీళ్లు తాగించి కూర్చోబెడతారు. బల్ల మీద పడుకోబెట్టి స్కాన్ తీసి చూస్తారు. నీళ్లు చాలకపోయినా, లోపల గ్యాస్ కనిపించినా దింపేసి "కాసేపు తిరిగి రండి" అంటారు. అన్నీ సరిగ్గా కుదిరిన రోజున మిషను ఆలస్యమవుతుంది. బయట బెంచీ మీద అరవై దాటిన పెద్దమనుషులంతా నిండు మూత్రాశయాలతో, కాళ్లు దగ్గరపెట్టుకుని, తమ పేరు ఎప్పుడు పిలుస్తారా అని తలుపు వంక చూస్తుంటారు.

నేను క్యాన్సర్ వార్డుల్లో రోగుల ఇంటివాళ్లతో మాట్లాడే పనిలో చాలాకాలం ఉన్నాను. ఆ బెంచీ దగ్గర వినిపించినన్ని నవ్వులు ఆస్పత్రిలో మరెక్కడా వినిపించేవి కావు. కలెక్టరాఫీసులో చేసినాయన, లారీ నడిపినాయన, పొలం చేసుకునేవాయన ఒకళ్లనొకళ్లు "ఎన్ని గ్లాసులు?" అని పలకరించుకునేవాళ్లు. లోపలికెళ్లి పది నిమిషాలకే దింపేశారని బయటికొచ్చినాయన్ని "సప్లిమెంటరీయా?" అని అడిగేవాళ్లు. పక్కవాడి కష్టం కూడా తన కష్టమే కాబట్టి అక్కడ ఎవరికీ ఎవరి నవ్వూ గుచ్చుకోదు. మీ నాన్నగారి జోకులు చాలావరకు ఆ బెంచీ మీదే పుడుతున్నాయని నా అనుమానం. ఒకరోజు నువ్వు ఫోన్ పక్కనపెట్టి ఆ బెంచీ చివర కూర్చుని విను.

మీ అమ్మగారి సంగతి వేరు. ఆవిడ ఏడుపు మీ నాన్నగారి జోకులకు ఎదురు తీర్పని అనుకోకు. ఆ జోకుల్లో తనకు పాలు లేదు. ఆయన ఒక్కడే వేస్తున్నాడు, ఈవిడ ఒక్కతే భయపడుతోంది. ఆవిడ కూడా మాట్లాడగలిగే విషయం ఒకటుంది.

ఆ ఇంజెక్షన్ చేసే పనేమిటంటే, మగ హార్మోను తయారీని ఆపేస్తుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ ఆ హార్మోను మీద ఆధారపడి పెరుగుతుంది. ఈ సంగతిని 1941లో చికాగోలో చార్లెస్ హగిన్స్ అనే సర్జన్ నిరూపించాడు. దానికి 1966లో నోబెల్ బహుమతి వచ్చింది. మాస్టారుకి చెప్పు, ఆసక్తిగా వింటారు. హార్మోను పడిపోతే ఒంట్లోంచి ఉన్నట్టుండి ఆవిర్లు పైకి తన్నుతాయి. మొహం ఎర్రబడుతుంది, చొక్కా తడిసేలా చెమట పడుతుంది, కాసేపటికి చలేస్తుంది. ముట్లు ఆగిపోయే రోజుల్లో మీ అమ్మగారికి జరిగిందీ ఇదే. అప్పుడు ఆవిడ పడిన బాధ ఇంట్లో ఎవరైనా పట్టించుకున్నారో లేదో నాకు తెలియదు. ఇప్పుడు మాత్రం ఆ ఇంట్లో ఈ విషయం ఆవిడకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. పల్చటి నూలు చొక్కా వేసుకోవాలని, మంచం పక్కన చల్లటి నీళ్లు ఉంచుకోవాలని, మరీ కారం, మరీ వేడి కాఫీ తగ్గించుకోవాలని ఆవిడే చెప్పగలదు. భరించలేనంతగా వస్తుంటే వాటికి మందులున్నాయి, డాక్టర్ని అడగొచ్చు. "అమ్మా, నాన్నకి ఆవిర్లొస్తున్నాయి, నీకెలా తగ్గాయి?" అని నువ్వు ఒక్కసారి అడిగి పక్కకి తప్పుకో. "ఇప్పుడు తెలిసిందా మాస్టారూ" అని ఆవిడ నోటి వెంట వచ్చిందంటే, ఆయన వేసిన జోకులన్నిటికంటే అది మేలు చేస్తుంది. రాకపోయినా నష్టం లేదు, ఆవిడకు చేయడానికి ఒక పని దొరుకుతుంది.

వాళ్లిద్దరికే సంబంధించిన ఇంకో మాట కూడా ఉంది. ఈ ఇంజెక్షన్‌తో కోరిక తగ్గిపోతుంది, అంగస్తంభన ఉండదు. ఈ మందు పడినవాళ్లలో దాదాపు అందరికీ ఇదే అవుతుంది, ఆయన లోపం కాదు. ఇది నువ్వు మాట్లాడాల్సిన విషయం కాదు. కానీ ఒక విజిట్‌లో మీ అమ్మగారినీ వెంటబెట్టుకెళ్లి, కాసేపు నువ్వు బయట కూర్చో. డాక్టరు వాళ్లిద్దరితో మాట్లాడతారు. ఎవరూ చెప్పక, భార్య దగ్గరకొస్తే భయం, దూరం జరిగితే బాధ అన్నట్టు ఒకే ఇంట్లో వేరువేరుగా బతికిన దంపతుల్ని చూశాను.

జోకు ఎవరు వేయొచ్చన్న విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఆ ఒళ్లు ఆయనది, కాబట్టి మొదటి మాట ఆయనదే. ఆయన మొదలుపెట్టిన జోకుకి నువ్వు అందుకుని ఇంకోటి వేయొచ్చు. ఆయన ఎత్తని విషయాన్ని మీరెవరూ ఎత్తకూడదు. ఈ మందుకి కొందరికి ఛాతీ వాస్తుంది, నొప్పెడుతుంది, పొట్ట పెరుగుతుంది, కండ తగ్గుతుంది, ఊరికే కళ్లలో నీళ్లొస్తాయి. దాన్ని చూసి ఏ బావమరిదో "ఏంటి బావా, ఆడపిల్లలా" అన్నాడనుకో, ఆ మాట మనిషిని రోజుల తరబడి కోస్తుంది. అక్కడ మొహమాటపడకుండా అడ్డుపడు. మీ నాన్నగారు నవ్వేసి ఊరుకున్నా సరే, నువ్వు అడ్డుపడు.

ఇక డాక్టరు గది. "ఫస్ట్ క్లాస్ అండీ" అన్న మాట నాకు నచ్చలేదు. ఇంట్లో ఆయన్ని నిలబెడుతున్న నవ్వే అక్కడ నష్టం చేస్తోంది. ఆ డాక్టరుగారు రోజుకి ఎంతోమందిని చూడాలి. హుషారుగా నవ్వుతూ బాగున్నానన్న మనిషిని ఇంకో ప్రశ్న అడగరు. రేడియేషన్ మధ్యలో మూత్రం మాటిమాటికీ రావడం, మంట, ఆపుకోలేకపోవడం, పల్చటి విరేచనాలు మామూలే. చాలామందికి చివరి రోజుల్లో పెరిగి, అయిపోయాక కొన్ని వారాల్లో తగ్గుముఖం పడతాయి. మామూలే అని భరించక్కర్లేదు. ఇన్ఫెక్షన్ ఉందేమో మూత్రపరీక్షలో తేలుతుంది, మూత్రం సాఫీగా రావడానికి మాత్రలున్నాయి. ఇవన్నీ అందాలంటే ముందు చెప్పాలి కదా.

కాబట్టి ఒక కాగితం పెట్టు. రాత్రి ఎన్నిసార్లు లేచారు, బట్టలు తడిశాయా, మంట ఉందా, విరేచనం ఎన్నిసార్లు, నిద్ర ఎంత. ఆయన్నే రాయమను. లెక్కల మాస్టారు కదా, అంకెలు వేయమంటే ఎగ్గొట్టరు. నోటితో చెప్పలేనిది కాగితం చెబుతుంది. గదిలోకి వెళ్లగానే ఆ కాగితం డాక్టరుగారి బల్ల మీద పెట్టు, తర్వాత ఆయన ఎన్ని జోకులేసుకున్నా ఫరవాలేదు. ఈ ఏర్పాటు ఆయనకు ముందే చెప్పి ఒప్పించు. చాటుగా వెళ్లి డాక్టరు చెవిలో చెబితే, చిన్నపిల్లాణ్ణి చేశారన్న కోపం మిగులుతుంది.

ఆ రాత్రి సంగతిలో నన్ను భయపెట్టింది లుంగీ కాదు, తడి బాత్రూమ్. ఈ ఇంజెక్షన్ ఎముకల్ని పల్చబరుస్తుంది. నిద్రమత్తులో పరిగెత్తి టైల్స్ మీద జారితే తుంటి విరుగుతుంది, అది క్యాన్సర్ కంటే ముందు మంచాన పడేస్తుంది. మంచానికి బాత్రూమ్‌కి మధ్య రాత్రంతా చిన్న లైటు వెలగనీ. మంచం కింద మూత పాత్ర ఒకటి పెట్టండి. మెడికల్ షాపులో పెద్దవాళ్ల ప్యాడ్లు దొరుకుతాయి. చీకటి పడ్డాక నీళ్లు కొంచెం తగ్గించుకోవచ్చు గానీ పగలు తగ్గించకూడదు. ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ గురించి, క్యాల్షియం, విటమిన్ డి గురించి డాక్టర్ని అడగండి. రోజూ నడక, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పది పదిహేనుసార్లు లేచి కూర్చోవడం లాంటివి కండనీ ఎముకనీ కాపాడతాయి, నీరసం కూడా తగ్గిస్తాయి. షుగరు, బరువు కూడా చూసుకుంటూ ఉండాలి.

ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాల్సినవి కూడా చెబుతాను, మీ అమ్మగారికీ తెలియాలి. మూత్రం పూర్తిగా ఆగిపోవడం. గడ్డలుగా రక్తం పడటం. చలితో జ్వరం. కొత్తగా గట్టి నడుంనొప్పి వచ్చి కాళ్లు బలం తప్పడమో తిమ్మిరెక్కడమో జరిగితే తెల్లారేదాకా కూడా ఆగొద్దు. మీ నాన్నగారికి ఎముకల్లో ఏమీ లేదన్నారు కాబట్టి దీనికి హడలిపోనక్కర్లేదు, గుర్తుపెట్టుకుంటే చాలు.

నవ్వుతో క్యాన్సర్ తగ్గిపోతుందని ఎవరైనా ఫోన్‌లో పంపిస్తే నమ్మకు. ఆయన మీద పనిచేస్తున్నవి ఇంజెక్షనూ, రేడియేషనూ. దక్షిణాఫ్రికా ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ నవ్వుకి ప్రపంచమంతా పేరు. ఆయనకు 1997లో ఈ జబ్బే బయటపడింది. మళ్లీ తిరగబెట్టింది కూడా. 2021 డిసెంబరులో, 90 ఏళ్ల వయసులో పోయారు. అన్నేళ్లూ నవ్వుతూనే ఉన్నారు, వైద్యమూ చేయించుకుంటూనే ఉన్నారు. తగ్గినట్టుంది కదా అని మీ నాన్నగారు ఇంజెక్షన్ వాయిదా వేయకూడదు. ఆయన లాంటి పరిస్థితిలో రేడియేషన్ అయ్యాక కూడా మామూలుగా 18 నెలల నుంచి 3 ఏళ్ల దాకా కొనసాగిస్తారు. ఎన్నాళ్లన్నది మీ డాక్టరుగారు చెబుతారు.

అన్నేళ్లూ ఆయన జోకులేస్తూనే ఉండాలని మాత్రం మీరెవరూ ఆశపడకండి. హుషారైన మనిషి అని పేరు పడ్డాక నీరసంగా ఉన్న రోజున కూడా ఇంట్లోవాళ్ల కోసం నవ్వాల్సి వస్తుంది. "నాన్నా, ఇవాళ ఏమీ మాట్లాడక్కర్లేదు" అని పక్కన కూర్చో. ఈ మందు మనసుని కూడా కుంగదీస్తుంది, కాబట్టి జోకుల రంగు మారుతోందేమో గమనించు. ఒళ్లు మీద, ఆస్పత్రి మీద, నీళ్ల గ్లాసుల మీద వేస్తే భయం లేదు. "నేను పోతే మీకు పీడా విరగడవుతుంది" లాంటి మాటలు మొదలైతే, ఇష్టమైన పేపరు చదవడం మానేస్తే, తిండి, నిద్ర తప్పితే, నవ్వుతూ అన్నా సరే దాన్ని జోకుగా తీసుకోకు. "నిజంగా అలా అనిపిస్తోందా నాన్నా?" అని సూటిగా అడుగు. అడిగితే ఆలోచన పెరుగుతుందన్నది అపోహ. డాక్టరుకి చెప్పు. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

కిడ్నీలో రాయి సంగతి. మీరెందుకు అలా చెప్పారో నాకు తెలుసు. గుంటూరు జిల్లాలో రాయి అంటే ఏమవుతుందో కూడా తెలుసు, ప్రతి ఇంటి నుంచీ ఉలవచారు వస్తుంది. ఉలవలు గ్యాస్ చేస్తాయి, రేడియేషన్ రోజుల్లో పప్పులు, శనగలు, క్యాబేజీతో పాటు వాటినీ పక్కన పెట్టమంటారు. తింటే బల్ల మీద నుంచి దింపేస్తారు, వద్దంటే చుట్టాలకు కోపం. ఈ అబద్ధంతో అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. అన్నకి ప్రోస్టేట్ క్యాన్సర్ ఉంటే తమ్ముడికి వచ్చే అవకాశం మామూలు మగవాళ్లకంటే ఎక్కువ. కొడుక్కీ అంతే. మీ బాబాయిలకు, నీకు అన్నదమ్ములుంటే వాళ్లకు ఈ సంగతి తెలియాలి. 45 ఏళ్లు దాటాక పీఎస్ఏ పరీక్ష గురించి డాక్టర్ని అడగాల్సినవాళ్లు వాళ్లే. మీ వంశంలో ఎవరికైనా రొమ్ము క్యాన్సరో, అండాశయ క్యాన్సరో వచ్చి ఉంటే ఆ మాట కూడా మీ డాక్టరుగారికి చెప్పు. కొన్ని ఇళ్లలో ఈ మూడింటి వెనకా ఒకే జన్యులోపం ఉంటుంది. అప్పుడు అది నీ ఆరోగ్యానికీ సంబంధించిన సంగతే. ఎవరికి, ఎప్పుడు చెప్పాలన్నది మీ నాన్నగారి నిర్ణయం. ఇది ఆయనతో మాట్లాడి ఒప్పించాల్సిన విషయం.

మీ మేనత్తగారిని తప్పుబట్టకు. తమ్ముడు పోతాడేమోనన్న భయం ఆవిడకి కోపంగా బయటికొచ్చింది. ఆవిడని ఒకరోజు విజయవాడ రమ్మను. రేడియేషన్ అయ్యేదాకా బయట కూర్చోనీ. బెంచీ మీద తమ్ముడు ఎలా ఉంటాడో తన కళ్లతో చూస్తే, నువ్వు సర్దిచెప్పాల్సిన పని ఉండదు.

చివరిగా ఒకటి. 20 రోజులూ అయిపోగానే ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. రోగికి మాత్రం ఆ మర్నాటి నుంచీ ఒక వెలితి మొదలవుతుంది. రోజూ వెళ్లే చోటు లేదు, పలకరించే బెంచీ లేదు, నీరసం అలాగే ఉంటుంది. పైగా నువ్వు కూడా ఉద్యోగానికి తిరిగి వెళతావు. మీ నాన్నగారు అప్పుడు మౌనంగా అయిపోవచ్చు. అందుకని రేడియేషన్ పూర్తి కాకముందే ఆ బెంచీ మీదివాళ్ల ఫోన్ నంబర్లు ఆయన చేత రాయించు. వాళ్లలో ఎవరికైనా తర్వాతి ఇంజెక్షన్ ఆయన తేదీకి దగ్గర్లోనే ఉంటే, ఇద్దరూ ఒకే రోజు వచ్చేలా ఆస్పత్రిలో అడిగి చూడు.